సవరణ: ఆల్టిమీటర్ మార్చకపోతే విమానం పైన కాదు, కింద ఉంటుంది

విమానం దిగేటప్పుడు ట్రాన్సిషన్ లెవెల్ (ఈ మార్పు చేయాల్సిన ఎత్తు) దగ్గర ఆల్టిమీటర్‌ను (గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే పరికరం) ప్రామాణిక పీడనం 1013 హెక్టోపాస్కల్‌ల నుంచి స్థానిక క్యూఎన్‌హెచ్‌కి (ఆ ప్రాంతంలో సముద్రమట్టం దగ్గరి పీడనం) మార్చడం మరిస్తే, క్యూఎన్‌హెచ్ 993 ఉన్నచోట విమానం కేటాయించిన ఎత్తుకు పైనే ఆగిపోతుందని ముందు పోస్టులో రాశాం. అది తప్పు, లెక్క తలకిందులైంది.

పైలట్ శిక్షణలో చెప్పే లెక్క ప్రకారం ఒక్కో హెక్టోపాస్కల్ పీడనం తేడాకు ఎత్తులో సుమారు 27 అడుగులు. ఇక్కడ తేడా 20, అంటే సుమారు 540 అడుగులు. కాబట్టి ఆల్టిమీటర్ 4,000 అడుగులు చూపిస్తున్నా విమానం ఉండేది దాదాపు 3,460 దగ్గర. ప్రమాదకరమైన వైపు ఇదే. ఆటోపైలట్ కూడా ఆ తప్పు అంకెనే నమ్ముతుంది కాబట్టి ఆల్టిట్యూడ్ అలర్ట్ (ఎత్తు తప్పితే వచ్చే హెచ్చరిక) మోగదు. ఇద్దరు పైలట్లూ మరిస్తే రెండు ఆల్టిమీటర్లూ ఒకే మాట చెబుతాయి, సరిపోల్చుకున్నా దొరకదు. ట్రాన్స్‌పాండర్ (విమానం ఎత్తును రాడార్‌కు పంపే పరికరం) మాత్రం ఎప్పుడూ 1013 ఆధారంగానే ఎత్తు పంపుతుంది. దాన్ని క్యూఎన్‌హెచ్‌కి సవరించి చూపే రాడార్ తెర మీద కంట్రోలర్‌కు తేడా కనిపిస్తుంది.