నడిచుక్కకు సాక్ష్యం

తుపాకీతో పది మీటర్ల దూరం నుంచి గురి అట్ట నడిచుక్కను కొట్టానంటే మా బావమరిది నమ్మలేదు. "ఎవరు చూశారు బావగారూ?" అన్నాడు, పర్లాకిమిడి నుంచి తెచ్చిన సంచి భుజం మీది నుంచి దించకుండానే. చూసినవాళ్లు ఎవరూ లేరు. చిల్లు పడిన అట్ట చూపించాను. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, "పెన్సిల్‌తో పొడిచినట్టుంది" అన్నాడు. పెన్సిల్‌తో పొడవవచ్చన్న ఆలోచన నాకు ఆ క్షణం దాకా రాలేదు. వచ్చి ఉంటే చాలా డబ్బు మిగిలేది.

"అయినా తుపాకీ మీద స్కోప్ అనే దుర్భిణి పెట్టుకుని కొడితే ఏమి గొప్ప? 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం కొట్టింది స్కోప్ లేకుండానే. ఆ పోటీలో నడిచుక్క అర మిల్లీమీటరు" అని కూడా అన్నాడు. మావాడికి సమాచారానికి లోటు లేదు, సందర్భానికే లోటు.

తుపాకీ నాది కాదు. మా అబ్బాయి కొనుక్కుని, మూడు నెలలు మోజు తీర్చుకుని, ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ నాకు వదిలేసిన ఎయిర్ రైఫిల్. గొట్టాన్ని మధ్యకు విరిచి, సీసపు గుళిక పెట్టి, స్ప్రింగుతో పేల్చే రకం. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లు మించని శక్తి కాబట్టి 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మా ఆవిడ అనుమతి మాత్రం ఏ నియమంలోనూ మినహాయింపు లేనిది.

బరంపురంలో మా ఇల్లు ఒడిశా కంటే పాతది. 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఊరు అటు వెళ్లినప్పుడు మా తాతగారు అరుగు మీది నుంచి లేవకుండానే రాష్ట్రం మారారు. వెడల్పు పన్నెండు అడుగులే గాని పొడవుకు అంతు లేదు. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గోడ కనిపిస్తుంది. హాలు గడప నుంచి ఆ గోడకు టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా పది మీటర్లు. తాతగారి ముందుచూపుకు దండం పెట్టుకుని, గోడకు ఆనించి పాత గుడ్డలు కుక్కిన చెక్కపెట్టె, దాని మీద అట్ట ఏర్పాటు చేశాను. వంటింట్లో ఉన్న మా ఆవిడ నడవా వైపు తలుపుకు గడియ వేసుకుని "ఊఁ" అంటే తప్ప గొట్టం విరవకూడదని ఒప్పందం.

పెట్టె పక్కనే ఒక ఇత్తడి గంగాళం బోర్లించి ఉంటుంది. మా అత్తగారు కాపురానికి పంపినప్పుడు ఇచ్చింది. పెళ్లిళ్లకూ సంక్రాంతికీ తప్ప కదలదు. ప్రస్తుతానికి దాన్ని అక్కడే ఉంచుదాం.

సాక్ష్యం కావాలంటే స్కోప్‌లో కనిపించేది ఫోనులోకి ఎక్కాలి. అందుకు ఫోనును పట్టి ఉంచే మౌంట్ కావాలి. మొదటి మౌంట్ ఆరువందలు. స్కోప్ వెనుక కటకానికి తొడిగి, ఫోను బిగించుకోవడమే. బిగించాను. తెరమీద కారుచీకటి, మధ్యలో నెలవంక. కాసేపటికి నెలవంక కూడా అస్తమించింది.

అబ్బాయికి ఫోను చేశాను. "నాన్నా, కన్ను కటకానికి మూడు నాలుగు అంగుళాల ఎడంలో ఉంటేనే బొమ్మ నిండుగా కనిపిస్తుంది. ఫోనుకూ అంతే. మీరు కటకానికి అతికించేశారు. పైగా బొమ్మ ఎన్ని రెట్లు పెద్దదయ్యేలా పెట్టారు?"

"తొమ్మిది." ఉన్నది తొమ్మిది కదా, తక్కువ ఎందుకు పెట్టుకుంటాను?

"ముందు కటకం 40 మిల్లీమీటర్లు. తొమ్మిదితో భాగిస్తే వెనక నుంచి వచ్చే వెలుగు బిళ్ల నాలుగున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఫోను కెమెరా సరిగ్గా దాని మీదే కూర్చోవాలి. మూడు రెట్లకు దించితే బిళ్ల పదమూడు మిల్లీమీటర్లు అవుతుంది."

ఎడం కోసం గొట్టం ఒకటి తెప్పించి జోడించాను. చంద్రుడు నిండాడు. కాని నా ఫోనుకు మూడు కెమెరాలు. చీకటి తగిలితే చాలు, ఎవరినీ అడగకుండా ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంది. ఈ మారిపోయే గుణాన్ని ఆపడం నేర్చుకోవడానికి ఒక ఆదివారం పోయింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కన్ను పెట్టవలసిన చోట ఫోను ఉంటే కన్ను ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న నాకు డబ్బు కట్టాకే తోచింది. తుపాకీని భుజానికి దూరంగా పట్టుకుని, మెడ సాచి, చత్వారపు కళ్లజోడు పైకి నెట్టి తెరలో గురిచూస్తూ పేల్చాను. పెరట్లో "ఖంగ్" అంది.

"అదేమిటండీ చప్పుడు?" అంది మా ఆవిడ తలుపు లోపలి నుంచి.

"గుడి గంట."

స్ప్రింగు తుపాకీకి ఒక చెడ్డ అలవాటు ఉంది. లోపలి ముషలకం, అంటే పిస్టన్, ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, అది గొట్టం చివర ఆగగానే ముందుకు గుంజుతుంది. పెద్ద తుపాకుల తన్నుకు నిలబడే స్కోప్‌లు కూడా ఈ రెండో కుదుపుకు పాడవుతాయట. రెండోసారి పేల్చినప్పుడు తుపాకీ ముందుకు వెళ్లింది, ఫోను వెళ్లలేదు. మౌంట్‌తో సహా ఊడి, ముందు నా పై పెదవిని, తరువాత పక్కన నానుతున్న వడియాల పిండిని తాకింది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి పిండి వైపు చూసింది.

"2021లో ఆపిల్ కంపెనీవాళ్లు మోటారు సైకిల్ ఇంజిన్ అదురుకే ఫోను కెమెరాలు దెబ్బతినవచ్చని హెచ్చరించారు నాన్నా. మీరు స్ప్రింగు తుపాకీకి కట్టారు" అన్నాడు అబ్బాయి. ఈ కాలపు పిల్లలు ఏ విషయమైనా జరిగాకే చెబుతారు.

రెండో మౌంట్ గురించి పొడిగించను. తుపాకీ మీద స్కోప్ కూర్చునే పట్టాకు బిగించేది. నా తుపాకీ గాడి 11 మిల్లీమీటర్లది, నేను తెప్పించినది దాదాపు దానికి రెట్టింపు వెడల్పు పట్టాకు సరిపోయేది. మనవడి నడుముకు తాతగారి బెల్టు. సైకిల్ ట్యూబు చుట్టి బిగించాను. ఆ వారం గుడి గంట చాలాసార్లు మోగింది. మా ఆవిడ, "మధ్యాహ్నం మూడింటికి కూడా హారతులేనా?" అని ఒకసారి మాత్రం అడిగింది.

మూడోది అసలైనది. లోపల సగం అద్దం ఉన్న చిన్న పెట్టె. వచ్చిన వెలుగులో కొంత నా కంటికి, కొంత పైన నిలబెట్టిన ఫోనుకు పంచుతుంది. అన్నదమ్ముల పంపకంలాగే ఇద్దరికీ చాలలేదు. దానికి తోడు బొమ్మ మసక. మా స్కోప్ నూరు గజాల దూరానికి సరిచేసినదట, పది మీటర్ల దగ్గర దానికి చూపు ఆనదు. పైగా కన్ను మధ్య నుంచి పక్కకు జరిగితే గురి దాదాపు రెండు సెంటీమీటర్ల దాకా తప్పవచ్చునట. వారమంతా నేను కన్ను ఎక్కడెక్కడ పెట్టానో తలుచుకుంటే వెన్ను జలదరించింది.

అబ్బాయి చిట్కా చెప్పాడు. అప్పడాల పొట్లం అట్టకు మధ్యలో చిన్న చిల్లు చేసి ముందు కటకానికి మూతలా తొడిగాను. మసక విడిపోయింది, స్కోప్‌లోని అడ్డుగీతలు కుదురుకున్నాయి. కాని చిల్లులోంచి వచ్చే కాస్త వెలుగు, అందులో పంపకం. ఇక మిట్టమధ్యాహ్నం ఎండ ఒక్కటే దిక్కు. ఆ ఎండ తిన్నగా పెరట్లో పడే వేళ, మూడు రెట్లే పెట్టుకుని, వంటింట్లోంచి "ఊఁ" వినిపించాక, ఊపిరి బిగబట్టి పేల్చాను.

నడిచుక్క! అర మిల్లీమీటరు లెక్క బీజింగ్‌వాళ్లది, నా చుక్క రూపాయి బిళ్లంత. అయినా నడిచుక్క నడిచుక్కే.

బావమరిదికి కబురు పంపాను. వచ్చాడు. టీవీకి ఫోను కలిపి, ఆవిడను కూడా పిలిచి కూర్చోబెట్టి వీడియో పెట్టాను. తెర నిండా మా పెరటి గోడ, అట్ట, అడ్డుగీతలు. మూడు రెట్లే కదా, పక్కన ఉన్నవీ బాగానే పట్టాయి. "టప్" మని నడిచుక్కలో చిల్లు. పొగడ్త కోసం మావాడి వైపు చూశాను.

వాడు ముందుకు వంగాడు. "అక్కా, అది అమ్మ ఇచ్చిన గంగాళం కాదూ?"

"ఆపండి" అంది మా ఆవిడ. "కొంచెం వెనక్కి తిప్పండి."

ఎప్పుడూ గోడనీడలో ఉండే గంగాళం మిట్టమధ్యాహ్నపు ఎండలో పెళ్లిలో తోమినట్టు మెరుస్తోంది. మెరుపు మధ్య మధ్య సొట్టలు. సొట్ట సొట్టకూ బొట్టు పెట్టినట్టు సీసపు మరక. ఆమె పెదవులు కదుపుతూ లెక్కపెట్టి పదకొండు దగ్గర ఆగింది.

"గుడి గంట" అంది నెమ్మదిగా. తరువాత, "ఇది ఇంకా పెద్దగా కనిపించేలా పెట్టడం కుదరదా?"

నేను నోరు తెరిచేలోపలే బావమరిది అందుకున్నాడు. "తొమ్మిది రెట్ల దాకా కుదురుతుంది అక్కా. బావగారే మూడు దగ్గర ఆగారు."