65535: ఆ చివరి రూల్ గురించి ఒక్కరూ చెప్పరేం?

ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఐపీఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ (నెట్‌లో ఏది రావాలో, ఏది పోవాలో చూసే కాపలా) కావాలంటే ముందు కెర్నల్‌ని, అంటే ఆ సిస్టంకి గుండెకాయలాంటి ప్రోగ్రామ్‌ని, మళ్లీ కంపైల్ చెయ్యాలని కొత్తవాళ్లకు చెప్పే పెద్దమనుషులకు ఒక దండం. నేనూ ఆ మాట నమ్మి చెడినవాణ్నే.

పలాసలో మా బావకు చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. అక్కడ మూలన పడున్న కంప్యూటర్‌లో ఫ్రీబీఎస్‌డీ వేసి, రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టి, ఆఫీసు నెట్ అంతా దాని గుండా పోయేలా చేశాను. వారం బాగానే నడిచింది. ఒక సాయంత్రం శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే కమాండ్లు కొట్టే దారి) అందులోకి వెళ్లి, కెర్నల్‌లో ఏమేం ఉండాలో రాసుండే జెనెరిక్ అనే కాన్ఫిగ్ ఫైలుకి కాపీ తీసి, ఐపీఎఫ్‌డబ్ల్యూని కలిపే ఐపీఫైర్‌వాల్ ఆప్షన్ ఒక్క లైను చేర్చి, కొత్త కెర్నల్ తయారుచేసే బిల్డ్‌కెర్నల్ కమాండ్ కొట్టాను. ఆ ముసలి ప్రాసెసర్ మీద అది పూర్తయ్యేసరికి ఇంట్లో అందరూ పడుకున్నారు. దాన్ని ఎక్కించే ఇన్‌స్టాల్‌కెర్నల్‌లో కూడా ఒక్క ఎర్రర్ రాలేదు. గర్వంగా రీబూట్ ఇచ్చాను.

అంతే, మళ్లీ పలకలేదు.

పొద్దున్నే బావ ఫోను. "ఏట్రా, నెట్టు ఏటి చేసినావు? బిల్లులు ఎల్లట్లేదు."

జరిగింది ఇది. ఐపీఎఫ్‌డబ్ల్యూలో ప్రతి రూల్‌కీ ఒక నంబర్ ఉంటుంది. 1 నుంచి 65534 దాకా నంబర్లు మనవి. చిన్న నంబర్ నుంచి వరసగా చూసుకుంటూ పోతుంది. అనుమతించే, ఆపేసే రూల్స్‌లో ఏది ముందు సరిపోతే దానిదే తీర్పు. చివరి 65535 మాత్రం కెర్నల్‌ది, దాన్ని తీసెయ్యలేం. మామూలుగా అది చెప్పేది ఒకటే: ఎవరినీ రానివ్వకు, ఎవరినీ పోనివ్వకు. నేను ఫైర్‌వాల్‌ను కెర్నల్‌లోకి ఎక్కించాను గానీ రూల్స్ రాయలేదు. కొత్త వాచ్‌మన్‌ని గేటు దగ్గర నిలబెట్టి, ఎవరిని పంపాలో చెప్పకుండా వచ్చేశానన్నమాట. వాడు ఓనర్‌నీ ఆపేశాడు. వాడి తప్పేముంది?

ఆమదాలవలసలో రైలెక్కి, నౌపడ ఉప్పుమడులు చూసుకుంటూ పలాస చేరాను. మానిటర్ తగిలించి, అందరినీ అనుమతించే రూల్ ఒక్కటి కొట్టగానే నెట్ వచ్చేసింది. నిమిషం పని. దానికి ఒక పూట ప్రయాణం, బావ చూపు అదనం.

అసలు మంట ఏమిటంటే, ఆ కంపైలే అక్కర్లేదు. ఐపీఎఫ్‌డబ్ల్యూ మాడ్యూల్‌గా (నడుస్తున్న కెర్నల్‌కి తగిలించే ముక్కగా) సిద్ధంగానే ఉంటుంది, ఒక్క కమాండ్‌తో లోడవుతుంది. అయితే దాంట్లోనూ అదే 65535 కూర్చునుంటుంది. దూరం నుంచి చేసేటప్పుడు లోడ్ చేసే కమాండ్, అనుమతించే రూల్ రెండూ ఒకే లైనులో కలిపి కొట్టాలి. పది నిమిషాల తర్వాత ఫైర్‌వాల్‌ను దానంతటదే ఆపేసే ఏర్పాటు ముందే చేసుకోవాలి. పాత కెర్నల్ కెర్నల్.ఓల్డ్ పేరుతో భద్రంగానే ఉంటుంది. కానీ దాంతో బూట్ చెయ్యాలంటే ఆ డబ్బా ఎదురుగా మనిషి ఉండాలి కదా!

"డిఫాల్ట్‌గా అనుమతించు అనే ఆప్షన్ పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు కదా" అంటారు కొందరు. నేర్చుకునే రెండు రోజులు పెట్టుకోండి, కాదనను. తర్వాత తీసెయ్యండి. రూల్స్ ఫైల్లో ఎక్కడో తప్పు పడి అది లోడవ్వకపోతే, మూసుకున్న గేటు గురించి బావ వెంటనే ఫోన్ చేస్తాడు. తెరుచుకున్న గేటు గురించి ఎవడు చేస్తాడు?

ఇప్పుడు మానిటర్, కీబోర్డు ఆ డబ్బా పక్కనే ఉంచమన్నాను. ఉంచాడు. కీబోర్డు మీద బిల్లు బుక్కులు పెట్టుకున్నాడు.