150 కార్లు, ఎనిమిది కోట్ల అభిప్రాయాలు

ముందుగా నా అర్హతలు మనవి చేసుకోవాలి. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ అనే కారును నేను కొనలేదు. కొనబోవడం లేదు. దాని స్టీరింగ్ కూడా పట్టుకోలేదు. వెనక సీట్లో మాత్రం ఒకసారి కూర్చున్నాను, అదీ నాలుగు సార్లు దిగి ఎక్కుతూ. ఆ సంగతి తర్వాత చెబుతాను. కాబట్టి ఈ కారు గురించి నిష్పాక్షికంగా మాట్లాడగలిగిన వాళ్లలో నేనొకణ్ణి. కొన్నవాడి మాట అసలు నమ్మకూడదు. అంత డబ్బు పోసినవాడు కారు బాగోలేదని ఏ నోటితో చెబుతాడు? ఆ స్వేచ్ఛ కొననివాడికే ఉంటుంది. ఆ లెక్కన మన రెండు రాష్ట్రాల్లోనూ నిష్పాక్షికులకు కొదవ లేదు.

విషయం తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల కోసం. 2025 మేలో ఈ కారు మన దేశానికి వచ్చింది. పూర్తిగా తయారైన బండిని ఓడలో దించారు. అప్పటి ధర 53 లక్షలు, అదీ ఎక్స్-షోరూం. లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపితే అరవై దాటేది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 265 హార్స్‌పవర్, సున్నా నుంచి వందకు 5.9 సెకన్లు. ఇంత చేసి ఇది హ్యాచ్‌బ్యాక్. అంటే డిక్కీ వెనక్కి పొడుచుకురాని కారు. మన భాషలో, చిన్న కారు. మొదటి విడత తెప్పించినవి 150. ధర చెప్పీ చెప్పకముందే అవి అయిపోయాయన్నారు. పాత ఆంధ్రప్రదేశ్ జనాభా 2011 లెక్కల్లోనే ఎనిమిది కోట్లు దాటింది. ఒక్కో కారు మీద ఎన్ని లక్షల అభిప్రాయాల బరువు పడుతోందో మీరే లెక్కేసుకోండి. ఆ బరువుకు సస్పెన్షన్ ఆగుతుందా అన్నదే నా ఆందోళన.

అన్నిటికన్నా నన్ను కలచివేసిన విషయం ఇంకోటుంది. ముందుగా బుక్ చేసుకోవాలంటే ఆన్‌లైన్‌లో క్విజ్ రాయాలన్నారు. జీటీఐ చరిత్ర మీద ప్రశ్నలు. సీట్లు 150, పరీక్ష రాసేది దేశమంతా. ఈ వర్ణన వినగానే తెలుగువాడి ఒళ్లు ఎందుకు పులకించలేదు? ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ చదివిన జాతి మనది. అమీర్‌పేటలో ఒక్కటంటే ఒక్క బోర్డు లేవలేదు. 'గోల్ఫ్ జీటీఐ షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్, రిపీటర్లకు ప్రత్యేక బ్యాచ్, హాస్టల్ వసతి కలదు' అని ఎవరైనా పెడతారేమోనని ఎదురుచూశాను. టీవీలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదువుతారనుకున్నాను. మేనేజ్‌మెంట్ కోటా ఏదని అడిగిన నాథుడు లేడు. ఎన్ఆర్ఐ కోటా కోసం న్యూజెర్సీ నుంచి ఫోను చేసిన బంధువు లేడు. కన్వీనర్ కోటాలో మెర్సిడెస్ వచ్చినా వదులుకుని దీని కోసమే లాంగ్ టర్మ్ తీసుకున్నాడని చెప్పుకోదగ్గ కుర్రాడు మన ఊళ్లో ఒక్కడైనా లేకపోవడం విచారకరం.

మా పెద్దన్నయ్య కొడుకు మాత్రం రాశాడు, పాసయ్యాడు, కొన్నాడు. ఇంట్లో చెప్పకుండా. ఎర్ర రంగు.

కారు ఇంటికొచ్చిన మూడో రోజుకు తెనాలి నుంచి మా బావగారు వచ్చారు. కో-ఆపరేటివ్ బ్యాంకులో ముప్ఫై రెండేళ్లు లోన్లు శాంక్షన్ చేసి రిటైరైన మనిషి. ఏ వస్తువునైనా దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి గానీ మాట్లాడరు. సెల్లార్లో చేశారు. బానెట్ మీద రెండు వేళ్లతో కొట్టి చూశారు. పుచ్చకాయ కొనేటప్పుడు కూడా అలాగే కొడతారు. డిక్కీ తీయించి, "బియ్యం బస్తాలు రెండు పడతాయా?" అన్నారు. 380 లీటర్లు పడుతుందని మావాడు చెప్పాడు. "లీటర్లేంటిరా, పాల క్యానా?" అన్నారు. తర్వాత అసలు ప్రశ్న.

"మైలేజీ ఎంతిస్తుంది?"

అరవై లక్షల రథం ముందు నిలబడి ఈ మాట అడగడం చిన్నతనమని కొందరు కుర్రకారు నవ్వుతారు. నేనొప్పుకోను. మైలేజీ అడగడం మన పలకరింపు. భోంచేశారా అని అడిగితే అవతలివాడు అన్నానికి గతిలేనివాడనా అర్థం?

ధర విన్నాక బావగారు కాసేపు మాట్లాడలేదు. లోపల గజాలు తిరుగుతున్నాయని నాకు తెలుసు. తెలుగువాడి బుర్రలో రూపాయి ఎక్కువసేపు రూపాయిగా ఉండదు. గజంగా మారిపోతుంది. "షాద్‌నగర్ అవతల రెండు ప్లాట్లు" అన్నారు చివరికి, తద్దినం రోజు పెద్దవాళ్లను తలుచుకున్నట్టు. ప్లాటుకి 5.9 సెకన్లలో వంద అందుకునే యోగ్యత లేదని మావాడు వాదించాడు. "కదలకపోవడమేరా దాని గొప్ప" అని బావగారు కొట్టిపారేశారు. దీనికి జర్మనీలో కూడా జవాబు ఉండదు.

ఇక్కడ ఒక శాస్త్రీయ వివాదం ప్రస్తావించాలి. ఇది చిన్న కారా, పెద్ద కారా? ప్రభుత్వం దృష్టిలో పెద్దది. నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ దాటకూడదు. అలాంటివాటికే చిన్న కారు రాయితీ. 2025 సెప్టెంబరు నుంచి వాటికి జీఎస్టీ 18 శాతం, మిగతావాటికి 40. గోల్ఫ్ పొడవు 4.29 మీటర్లు, ఇంజిన్ 1984 సీసీ. రెండు పేపర్లూ ఫెయిల్. బావగారి దృష్టిలో మాత్రం చిన్నదే, ఎందుకంటే పక్కన నిలబడితే కారు పైకప్పు ఆయన భుజం దగ్గరికి వస్తోంది. మా అపార్ట్‌మెంట్లో ఒకాయనకు నాలుగు మీటర్లకు ఓ అంగుళం తక్కువగా కోసి, కింద స్టూలు వేసినట్టు ఎత్తు పెంచిన ఎస్‌యూవీ ఉంది. అది ప్రభుత్వానికి చిన్న కారు, బావగారికి పెద్ద కారు. పొడవు కొలిచి పన్ను వేసే సర్కారుకూ, ఎత్తు కొలిచి మర్యాద ఇచ్చే సమాజానికీ మధ్య ఈ గోల్ఫు పాపం రెండు చోట్లా నష్టపోయింది. పన్ను పెద్ద కారుది, మర్యాద చిన్న కారుది.

మర్యాద గురించి ఇంకో మాట. దాదాపు ఇదే డబ్బుకు ఫార్చ్యూనర్ వస్తుంది. తెల్ల ఫార్చ్యూనర్ వెనక నుంచి వస్తుంటే ఆటోవాడు అద్దంలో చూసి, ఎవరో ఏమోనని పక్కకు జరుగుతాడు. లోపల ఉన్నది ఎంపీటీసీయా, చికెన్ సెంటర్ ఓనరా అని ఆగి విచారించడు. గోల్ఫ్‌కు ఎవరు జరుగుతారు? ఇదే కంపెనీ చిన్న కారు పోలో అనుకుంటారు. మూడు వందల మీటర్లలో మావాణ్ణి ఇద్దరు "అన్నా, ఇది ఏ మోడల్ పోలో?" అని అడిగారు. ఒకడు మరీ దయగా, "బాగా మెయింటైన్ చేశారు" అన్నాడు.

పోలో అంటే గుర్తొచ్చింది. 2016లో ఇదే కంపెనీ పోలో జీటీఐ తెచ్చింది. మనుషులకు రెండు తలుపులు, డిక్కీకొకటి. ధర 26 లక్షలకు పదివందలు తక్కువ. ఆ తర్వాత ఏకంగా ఆరు లక్షలు తగ్గించారు. మనం ఇంకాస్త ఆగుదామనుకున్నాం. ఆగుతూనే ఉన్నాం.

సరే, ప్రయాణం. నిజాంపేట నుంచి జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికి వాహనపూజ కోసం బయల్దేరాం. మావాడు, బావగారు, మా అక్క, వదిన, నేను. కారులోకి దిగాలి. ఎక్కడం కాదు, దిగడమే. మా అక్కకు మోకాళ్ల నొప్పులు. ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, గోదావరి రేవులో మెట్లు దిగినట్టు దిగింది. సీట్లు చూసి బావగారు అదిరిపడ్డారు. గళ్లు. బూడిద, నలుపు, సన్నని ఎర్ర గీత.

"ఇదేంట్రా, లుంగీ గుడ్డ!"

ఇది మావాడి మర్మస్థానం. కుర్రాడికి ఆవేశం వచ్చింది. ఈ గళ్ల వెనక యాభై ఏళ్ల చరిత్ర ఉందన్నాడు. మొదటి గోల్ఫ్ జీటీఐని 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో చూపించారట. 1976 నుంచి అమ్మారట. అయిదు వేలు చేస్తే చాలనుకున్నది లక్షల్లో అమ్ముడుపోయిందట. గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే ఆవిడ ఆ కంపెనీలో రంగులూ గుడ్డలూ చూసేవారు, అంతకుముందు పింగాణీ మీద బొమ్మలు వేసేవారు. సీట్లకు గళ్ల గుడ్డ, గేరు రాడ్డుకు గోల్ఫ్ బంతి, రెండూ ఆవిడ ఆలోచనే. "మరి బంతేదిరా?" అన్నారు బావగారు. మావాడి గొంతు తగ్గింది. ఈ మోడల్లో చేత్తో మార్చే గేరే తీసేశారు. రాడ్డు లేదు కనుక బంతీ లేదు. "బంతి పోయి లుంగీ మిగిలిందన్నమాట" అని బావగారు సర్దుకున్నారు.

మా కాలనీ నుంచి మెయిన్ రోడ్డుకు నాలుగు స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు వీటికి కొలతలు రాసి పెట్టారు. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు పది సెంటీమీటర్లు. నున్నగా, ఏనుగు వీపులా ఉండాలి. మా కాలనీలోవి ఆ పుస్తకం రాకముందు నుంచీ ఉన్నట్టుంటాయి. డ్రైనేజీ పని చేయగా మిగిలిన కాంక్రీటును పారబోయడం ఇష్టంలేక రోడ్డు మీద ప్రతిష్ఠించారు. గోల్ఫ్ కడుపుకీ నేలకీ మధ్య జాగా పదమూడున్నర సెంటీమీటర్ల చిల్లర. అయిదుగురం కూర్చున్నాక అందులో ఎంత మిగులుతుందో కొలవలేదు గానీ, మొదటి స్పీడ్ బ్రేకర్ ముందు మావాడు కారు ఆపి, అద్దంలోంచి చూస్తూ, చాలా మెల్లగా అన్నాడు:

"మామయ్యా, ఏమనుకోకపోతే... ఒక్క నిమిషం దిగుతారా?"

దిగాం. అక్క భుజం పట్టుకుంది. కారు ఖాళీగా, అడ్డంగా తిరిగి, ఒక్కో చక్రం విడివిడిగా ఎక్కించుకుంటూ దాటింది. మేం నడిచి దాటి ఎక్కాం. రెండోది. దిగాం. కిళ్లీ కొట్టు ముందు కూర్చున్నవాళ్లు మొదట బండి చెడిపోయిందనుకుని నెట్టడానికి లేచారు. మూడో దానికి వాళ్లు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. వెనక ఒక ట్రాలీ ఆటో, పెళ్లి సామాను నిండుగా, పైన ఇద్దరు మనుషులతో, హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయింది. సున్నా నుంచి వందకు 5.9 సెకన్లు, సున్నా నుంచి మెయిన్ రోడ్డుకు పద్దెనిమిది నిమిషాలు. ఈ రెండో అంకెను కంపెనీ బ్రోచర్లో వేయకపోవడాన్ని నేను తప్పుపట్టను. వాళ్లు మా కాలనీకి రాలేదు.

గుడి దగ్గర పూజ బాగానే జరిగింది. నిమ్మకాయల్ని పూజారి చక్రాల కిందే పెట్టినా, ముందు బంపర్ ఒకదాన్ని తాకిందని బావగారి అనుమానం. ఫ్యాన్సీ నంబరు తీసుకోలేదేమని కూడా అడిగారు. 2024లో ఖైరతాబాద్‌లో 9999 పాతిక లక్షలు దాటి పలికిన సంగతి ఆయన తేదీతో సహా చెప్పగలరు. నంబరు ప్లేటుకే పాతిక లక్షలు పెట్టే ఊళ్లో ఇంజిన్‌కు డబ్బు పెట్టినవాడు పిచ్చివాడు కాక ఏమవుతాడు?

తిరుగు దారిలో మావాడు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించాడు. 158 కిలోమీటర్ల రోడ్డు, పరిమితి 120. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, "ఇప్పుడు చూడండి మామయ్యా" అన్నాడు. వీపులు సీట్లకు అతుక్కున్నాయి. వదిన "గోవిందా" అంది. అంతలోనే 120 దగ్గర కట్టేశాడు, చలానా భయంతో. బావగారు ఏమీ చూడలేదు. ఆ ఆరు సెకన్లూ ఆయన పులిహోర పొట్లం విప్పుతున్నారు. సగం ఒళ్లో, సగం సీటు మీద పడింది.

"టాప్ స్పీడెంతన్నావు?"

"250 మామయ్యా."

ఆయన కళ్లు మూసుకున్నారు. లోన్ ఫైలు చూసేటప్పటి ముఖం. "53 లక్షలకు 250. అంటే కిలోమీటరుకు 21,200. నువ్వు వాడుకునేది 120. మిగతా 130కి 27 లక్షల 56 వేలు. అంత స్పీడు గోడౌన్లో పడి మూలుగుతోంది. బ్యాంకు భాషలో దీన్ని ఏమంటారో తెలుసా?" మావాడు జవాబివ్వలేదు. రేడియో పెంచాడు.

ఇంటికొచ్చాక అక్క తడిగుడ్డ తెచ్చి సీటు తుడవబోయింది. పులిహోర ఎక్కడ పడిందో వెతికితే దొరకలేదు. పసుపు మరక గళ్లలో ఎక్కడో కలిసిపోయింది. బావగారు కళ్లజోడు పెట్టుకుని, వంగి, వేలితో రాసి చూశారు. "గుడ్డ మంచిదేరా" అన్నారు. "ఆవిడెవరో గానీ, సంసారం తెలిసిన మనిషి." ఆ రోజు మొత్తంలో ఆ కారుకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. మావాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెళ్లేముందు బావగారు ఒక ఫొటో తీయమన్నారు. కారు పక్కన నిలబడతారనుకుని ఫోను ఎత్తాను. ఆయన రెండడుగులు ఇటు జరిగి, పక్క ఫ్లాటు ఆయన తెల్ల ఫార్చ్యూనర్ బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. వెలుతురు ఇక్కడ బాగుందన్నారు. బస్సెక్కేలోపు ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పడింది: 'మా మేనల్లుడు కొత్త కారు కొన్న సందర్భంగా.' నలభై మూడు నమస్కారాలు, పదకొండు లడ్డూలు. ఎవరూ మైలేజీ అడగలేదు. గుంటూరు పిన్ని ఒక్కతే ఫొటోను పెద్దది చేసి చూసినట్టుంది. అంచున సగం కనబడుతున్న ఎర్ర కారు ఎవరిదని అడిగింది.

బావగారు టైప్ చేస్తున్నట్టు చాలాసేపు చూపించింది.

'ఎవరిదో. మనకు అడ్డంగా పెట్టారు.'