వివరాల గడి గారికి ఒక విన్నపం

చూసిన పక్షులను నమోదు చేసుకునే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో అరుదైన పక్షి పేరు ఎక్కించగానే ఎదురుగా ప్రత్యక్షమై, ఎలా గుర్తుపట్టారో రాయమని నిలదీసే వివరాల గడి గారికి నమస్కారములు.

అయ్యా, మీకు మనుషుల మీద నమ్మకం లేదని మా పక్షి ప్రేమికుల్లో చాలామంది అభిప్రాయం. ఒక పెద్దమనిషి ఖరీదైన లెన్సు మెడలో వేసుకుని కడప జిల్లా దాకా వచ్చి, లంకమల అడవి అంచున కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్) అనే అత్యంత అరుదైన పక్షిని చూశానని చెబితే, శాలువా కప్పవలసింది పోయి రొమ్ము మీద పట్టీలు ఎన్ని ఉన్నాయని అడుగుతారా? ఆయన "చాలా స్పష్టంగా చూశాను" అని ఒక్క ముక్క రాసి, ఇంకేం కావాలని అలుగుతారు. కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి అనీ, దాని రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయనీ, పట్టపగలు బీడులో పరుగెత్తింది బహుశా దాని బంధువైన ఇండియన్ కోర్సర్ అనే మరో పక్షి అయి ఉంటుందనీ, జీతం లేకుండా ఈ రికార్డులు సరిచూసే వాలంటీరు ఎంత మర్యాదగా రాసినా, అది వంశగౌరవానికి తగిలిన దెబ్బగానే మిగిలిపోతుంది. "మా గైడు చెప్పాడు" అన్న రెండో సాక్ష్యం ఆ తర్వాత వస్తుంది.

1848లో శాస్త్రగ్రంథాలకెక్కి, 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందని చాలామంది అనుకున్న ఈ పక్షిని 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రివేళ ప్రాణాలతో పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారి వెతుకులాట అలా ఫలించింది. ఐతన్న మీ ముందుకు వచ్చి ఉంటే ఏం రాసేవాడు? కెమెరా లేదు, ఖాతా లేదు, చూసిన జాతుల పట్టిక లేదు. చేతిలో పక్షి ఉంది. అంతకన్నా గట్టి రుజువు మీకు దొరకదు, కాకపోతే ఆ పక్షి ఎంతోకాలం బతకలేదు. రుజువు ఖర్చు ఎవరు భరించారో రాయడానికి మీ పక్కన ఇంకో గడి ఉండవలసింది.

మీరు పంపిన ప్రశ్నకు రెండు రోజులు ఓర్చుకోలేని మావాళ్లు స్కాట్లండ్‌లోని ఒక గుడ్డు సంగతి వినాలి. 1917లో కోలారు గనుల ప్రాంతంలో సేకరించిన ఆ గుడ్డు చేతులు మారి అబర్డీన్ విశ్వవిద్యాలయానికి చేరింది. అది కలివికోడిదేనని డీఎన్‌ఏ పరీక్షలో తేలడానికి దాదాపు శతాబ్దం పట్టింది.

ఇక పరిశోధకుల చాదస్తం మిమ్మల్ని మించినది. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, దాని మీద పడిన కాలిముద్రలను కొలిచి, ఇది తీతువుదా కలివికోడిదా అని తేల్చేవారు. సంధ్యవేళ రికార్డు చేసిన కూత వినిపించి పక్షి జవాబు కోసం చెవులు రిక్కించేవారు. 2005లో తెలుగుగంగ కాలువ పనుల యంత్రాలు ఆ పొదల్లోకి వచ్చినప్పుడు, కాలువ దారి మళ్లించాలన్న వాదనకు ఇలా కూడబెట్టిన ఆధారాలే బలమయ్యాయి. "చాలా స్పష్టంగా చూశాను" అన్న వాక్యం చదివి ఏ ఇంజనీరూ పొక్లెయిన్ ఆపడు. ఏళ్ల నిశ్శబ్దం తర్వాత 2025 ఆగస్టులో మళ్లీ ఆ కూత రికార్డయినప్పుడు కూడా సాక్ష్యం చెప్పింది మైకే గానీ లెన్సు కాదు.

కనుక మీరు అడగడం మానవద్దు; ఇంకొక ప్రశ్న చేర్చండి. ప్రమాదంలో ఉన్న పక్షుల చోటును బయటి కంటపడకుండా దాచే ఏర్పాటు మీ ఇంట్లో ఉన్నా, మావాళ్లు అదే చోటును సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో లొకేషన్‌తో సహా పంచుతారు, మర్నాటి నుంచి జీపులు బారులు తీరుతాయి. "ఈ చోటు ఇప్పటికే ఎంతమందికి చెప్పారు?" అని అడిగి, నిజం రాసేదాకా సేవ్ బటన్ పనిచేయనివ్వకండి. "ఒక్క స్నేహితుడికే" అన్న జవాబు వస్తే, ఆ స్నేహితుడి గ్రూపులో ఎందరున్నారో కూడా కనుక్కోగలరు.

ఇట్లు,
తీతువులు మాత్రమే నమోదు చేసే ఒక సభ్యుడు