రెడ్ టీమ్ అని కూర్చోబెట్టి నోరు నొక్కేస్తారా?

ఆఫీసు నుంచి వచ్చి గంటయింది, అన్నం కూడా తినబుద్ధి కావట్లేదు.

విజయవాడ సింగ్‌నగర్‌లో మా కంపెనీ కొత్త గోడౌన్ తీసుకుంటోంది. సబ్బులు, బిస్కెట్లు, సర్ఫు ప్యాకెట్లు మా సరుకు. సంతకాలకి ముందు రెడ్ టీమ్ పెడదామన్నది పెద్దసారే. మా నలుగురినీ పిలిచి, "మీరు మన శత్రువులనుకోండి. ఈ ప్లాన్‌ని ఎక్కడ కొడితే పడిపోతుందో వెతకండి, మొహమాటపడొద్దు" అన్నారు. నాకు నిజంగా సంతోషమేసింది. మూడు రాత్రులు కూర్చుని రాశాను.

ఇవాళ మీటింగ్‌లో మొదటి పాయింటు: పోటీ కంపెనీ డీలర్లకి ఇంకో వారం అప్పిస్తే మన గతేంటి? అందరూ మెచ్చుకున్నారు. రెండోది: బుడమేరు వాగు వరద మళ్లీ వస్తే? సార్ మొహం మాడిపోయింది. "మంచి పని మొదలెడుతుంటే అపశకునం మాటలెందుకయ్యా?" అన్నారు. నిన్న రాత్రి దాకా నాతో ఔనన్న మనిషి పక్కనే తలొంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. సాయంత్రం మినిట్స్ వచ్చాయి. రెండో పాయింటు లేదు. కింద నా పేరు మాత్రం ఉంది.

ఈ రెడ్ టీమ్ పద్ధతి సైన్యాల నుంచి వచ్చింది, అక్కడా ఇదే జరిగింది. 2002లో అమెరికా మిలీనియం ఛాలెంజ్ అని పెద్ద యుద్ధ విన్యాసం పెట్టి, శత్రువు పక్షాన పాల్ వాన్ రైపర్ అనే రిటైర్డ్ జనరల్‌ని నిలబెట్టింది. ఆయన రేడియో మానేసి మోటార్‌సైకిళ్ల మీద కబుర్లు పంపాడు. క్షిపణులతో, చిన్న పడవలతో లెక్కల్లో 16 నౌకల్ని ముంచేశాడు. పెద్దలేం చేశారు? మునిగిన నౌకల్ని మళ్లీ తేల్చి, ఇలా ఆడకూడదని ఆయనకే షరతులు పెట్టారు. ఆయన మధ్యలోనే తప్పుకున్నాడు. అదే ఇజ్రాయెల్ 1973 యుద్ధంలో దెబ్బ తిన్నాక, అందరూ ఒప్పుకున్నదానికి ఎదురు వాదించడానికే సైనిక గూఢచారి విభాగంలో కొందరిని కూర్చోబెట్టింది. దెబ్బ తగిలాకైనా నేర్చుకున్నారు. మనకి తగల్లేదా?

2024 జూన్‌లోనే చెప్పాను, పాయకాపురం గోడౌన్‌లో కింద వరస సరుకు పైకెత్తుదాం, ర్యాకులు వేయిద్దాం అని. దండగ ఖర్చన్నారు. సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు గట్లు తెగి నీళ్లు ఊరి మీద పడ్డాయి. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కుల పైనే. కృష్ణే అంత నిండి ఉంటే, అందులో కలిసే బుడమేరు మళ్లింపు కాలువ నీళ్లు ఎటు పోతాయి?

నీళ్లు తీశాక షట్టర్ ఎత్తితే మోకాలిదాకా సబ్బు నురగ. అట్టపెట్టెలు పట్టుకుంటే చేతిలో ముద్దయిపోయాయి. బిస్కెట్లు పులిసిన వాసన నాలుగు రోజులు ఒంటిని వదల్లేదు. సరుకు పోతే పోయింది. వాచ్‌మన్ బాబాయ్ రెండు రాత్రులు పెట్టెల దొంతర మీద కూర్చున్నాడు, ఫోన్ చార్జింగ్ అయిపోయి. "మా ఆయన ఉన్నాడా బాబూ?" అని వాళ్లావిడ ఫోన్ చేస్తే నేనేం చెప్పను? ఆ తర్వాత కూడా "నువ్వు ముందే అన్నావు" అని ఒక్కరూ అనలేదు. నా అప్రైజల్‌లో మాత్రం "నెగటివ్‌గా ఆలోచిస్తాడు" అని రాశారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

ఇప్పుడు కూడా గోడౌన్ వద్దనలేదు నేను. నేల నాలుగడుగులు ఎత్తు చేస్తే ఎంతవుతుంది, వరద ఇన్సూరెన్స్ ఎంత, హెచ్చరిక రాగానే లారీలు ఎవరు పంపాలి, అర్ధరాత్రి ముఠా కూలీలని ఎవరు పిలవాలి. ఇంతే, ఒక్క పేజీ. అది చదివే ఓపిక లేనప్పుడు మమ్మల్ని శత్రువులనుకోమని ఎందుకన్నారు?

ఇప్పుడే మెయిల్ పెట్టాను. రెండో పాయింటు తిరిగి చేర్చండి, లేదంటే కింద నా పేరు తీసేయండి అని. కొత్త గోడౌన్‌లో రాత్రి కాపలాకి వేసింది కూడా ఆ బాబాయ్‌నే.