యంత్రానికి సుంకం లేదు, దాని సీలుకు ఉంది

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ... ఏ మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చూసినా బారులు తీరి ఉండేవి మందులోని రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలే. వాటిలో చాలావరకు విదేశాల నుంచి వచ్చినవే. వీటిపై బేసిక్ కస్టమ్స్ సుంకం సున్నా. 1996లో సింగపూర్‌లో కుదిరిన జాబితాలోని వస్తువులపై సుంకం ఎత్తేసే సమాచార సాంకేతిక ఒప్పందంలో భారత్ మరుసటి ఏడాది చేరింది. క్రొమటోగ్రాఫులు (హెచ్‌పీఎల్‌సీ ఈ కోవదే; టారిఫ్ కోడ్ 9027 20), స్పెక్ట్రోమీటర్లు (9027 30) ఆ జాబితాలోనివే. 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతులపై వేసే జీఎస్టీ) కట్టినా కంపెనీకి అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. అందుకే కొనేటప్పుడు బేరమంతా యంత్రం ధర చుట్టూనే నడుస్తుంది. తలనొప్పి మాత్రం విడిభాగాలతో మొదలవుతుంది.

ఫాస్ఫేట్ బఫర్ (లవణ ద్రావణం) నడిపాక నీటితో కడగకుండా పంపు ఆపేస్తే పిస్టన్ మీద ఉప్పు గడ్డకట్టి, మళ్లీ నడిపినప్పుడు సీలును గీరేస్తుంది. లీకు మొదలవుతుంది, ప్రెజర్ ఊగుతుంది, రిటెన్షన్ టైము (రసాయనం కాలమ్ దాటి బయటికొచ్చే సమయం) జారుతుంది. బఫర్ వెనకాలే నేరుగా అసిటోనైట్రైల్ ద్రావణిని పంపితే ద్రవాన్ని వెనక్కి పోనివ్వని చెక్ వాల్వులో లవణం పేరుకుని, దాన్ని మూసే రూబీ బంతి సరిగా కూర్చోదు. డిటెక్టర్‌కు వెలుగిచ్చే డ్యుటీరియం దీపం ఆయుష్షు సుమారు 2,000 గంటలు. రాత్రింబవళ్లు నడిచే ల్యాబ్‌లో అది మూడు నెలలైనా రాదు. ఇవన్నీ వినియోగ వస్తువులే. ఇవి లేకపోతే సిస్టమ్ సూటబిలిటీ (యంత్రం సరిగా పనిచేస్తోందో చూసే పరీక్ష) ఫెయిల్, బ్యాచ్ విడుదల ఆగినట్టే.

కస్టమ్స్ దగ్గర ఇవి యంత్రం కొసరుగా రావు. టారిఫ్‌లోని 90వ అధ్యాయపు నోట్సు చదివితే కారణం తెలుస్తుంది. ఫలానా యంత్రానికే పనికొచ్చే భాగం ఆ యంత్రంతోనే పోతుందని 2(బి) చెబుతుంది. అయితే దానికంటే ముందు 2(ఎ) ఉంది: ఆ భాగానికి 84, 85, 90, 91 అధ్యాయాల్లో సొంత శీర్షిక ఉంటే అక్కడికే పోవాలి. ఇక నోట్ 1 కొన్నింటిని అధ్యాయం గడపే తొక్కనివ్వదు. రబ్బరు ఓ-రింగు 4016కి, వాల్వు 8481కి పోతాయి. విడిగా వచ్చిన పంపు 8413, దీపం 8539. రసాయనాలను విడదీసే గొట్టమైన కాలమ్ మాత్రం సాధారణంగా ఈ యంత్రాల భాగాల కోడ్ 9027 90లో నిలిచి సుంకం తప్పించుకుంటుంది. పంపులు, వాల్వులకు సాధారణంగా 7.5 శాతం సుంకం, దానిమీద పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, మొత్తం 8.25 శాతం. డబ్బుగా చూస్తే పెద్దది కాదు. కానీ ఇన్వాయిస్‌లోని ప్రతి భాగాన్నీ 9027 90 కిందే చూపితే అధికారి ప్రశ్న వేస్తాడు, జవాబు వెళ్లేదాకా పార్సిల్ శంషాబాద్ కార్గోలోనే ఉంటుంది. పోయేది ఆ రోజులే.

అందుకే ఇన్వాయిస్‌లో ‘హెచ్‌పీఎల్‌సీ స్పేర్స్’ అని ఒక్క ముక్కలో రాయించకూడదు. పార్ట్ నంబరు, ఏ పదార్థంతో చేసింది, ఏ మోడల్‌లో ఏ పని చేస్తుంది, ఏ దేశంలో తయారైంది, ఇవన్నీ వరుసవారీగా ఉండాలి. వారంటీలో ఉచితంగా వచ్చే భాగానికి ‘విలువ లేదు’ అని రాస్తారు, అదీ పొరపాటే. డబ్బు చేతులు మారకపోయినా కస్టమ్స్‌కు విలువ చూపాల్సిందే.

టెండర్లు రాసేవాళ్లు చాలామంది పట్టించుకోని నిబంధన ఒకటుంది: 1963 నాటి యాక్సెసరీస్ (కండిషన్) రూల్స్. వ్యాపార రివాజు ప్రకారం యంత్రంతోపాటు తప్పనిసరిగా ఇచ్చేవి, విడిగా ధర వేయకుండా యంత్రం ధరలోనే కలిపినవి అయిన స్పేర్లు యంత్రంతో కలిసి వస్తే, వాటికీ యంత్రం రేటే వర్తిస్తుంది. సీళ్లు, చెక్ వాల్వులు, దీపాలు యంత్రంతో వచ్చే స్టార్టర్ కిట్‌లోనే ఉండేలా చూసుకోవాలి. కొటేషన్‌లో వాటికి వేరే వరుసలో ధర పడిందా, ఆ దారి మూసుకుపోయినట్టే.

అన్నిటికంటే చిక్కు మరమ్మతు. సర్క్యూట్ బోర్డు పాడైతే విదేశానికి పంపి బాగుచేయించి తెచ్చుకోవచ్చు. మూడేళ్లలోపు తిరిగొస్తే మరమ్మతుకు వెళ్లొచ్చే సరుకుకు ఉన్న కస్టమ్స్ నోటిఫికేషన్ కింద బోర్డు పూర్తి విలువ మీద కాకుండా మరమ్మతు ఖర్చు, రానూపోనూ రవాణా, బీమా మీదే పన్ను. ఇందులో రెండు మెలికలున్నాయి. ఆ ఖర్చు నిజంగా అయినా కాకపోయినా లెక్కలోకి తీసుకోవాలని నోటిఫికేషనే అంటోంది, కాబట్టి ఉచిత మరమ్మతుకూ విలువ కట్టాలి. రెండోది, వెళ్లిన బోర్డే తిరిగి రావాలి. తయారీ కంపెనీలు తరచూ పాతది ఉంచుకుని సిద్ధంగా ఉన్న వేరేది పంపుతాయి. సీరియల్ నంబరు మారితే అది కొత్త దిగుమతి కిందే లెక్క. పంపేటప్పుడే షిప్పింగ్ బిల్లులో (ఎగుమతి పత్రంలో) సీరియల్ నంబరు రాయించడం, మార్పిడా మరమ్మతా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

పాత యంత్రాలు చవకని తెప్పించేవాళ్లకు ఒక హెచ్చరిక. సెకండ్ హ్యాండ్ హెచ్‌పీఎల్‌సీకి చార్టర్డ్ ఇంజనీర్ సర్టిఫికెట్ సరిపోవచ్చు. దాంతోపాటు వచ్చే పాత కంప్యూటర్‌కు మాత్రం ప్రత్యేక అనుమతి కావాలి. రీకండిషన్ చేసిన స్పేర్లయితే కనీసం 80 శాతం ఆయుష్షు మిగిలి ఉందని ఇంజనీరు ధ్రువీకరించాలి.

ప్రభుత్వ పరిశోధన సంస్థల కష్టం వేరు. 2022 జులై 18కి ముందు వాటికి శాస్త్రీయ పరికరాలపై జీఎస్టీ 5 శాతమే, ఆ తర్వాత 18. రూ. 60 లక్షల పరికరం మీద పన్ను రూ. 3 లక్షల నుంచి రూ. 10.8 లక్షలకు పెరిగింది. కంపెనీల్లా క్రెడిట్ తీసుకునే వీలు లేదు కాబట్టి ఆ తేడా గ్రాంటులోంచే పోతుంది. మొదట కోత పడేది స్పేర్ల పద్దుకే. అలాంటి చోట యంత్రం కొన్న నాలుగో ఏడాదికి దీపం మార్చే డబ్బు లేక మూత వేసి ఉంటే ఆశ్చర్యం అక్కర్లేదు. రాయితీని తిరిగి పూర్తిగా ఇవ్వలేకపోయినా, ఈ సంస్థలు తెచ్చుకునే విడిభాగాలన్నిటికీ ఏ శీర్షికలోకి వచ్చినా యంత్రం రేటే అని ఒక్క నోటిఫికేషన్ ఇవ్వడానికి ఆర్థికశాఖకు పెద్ద అడ్డంకేమీ కనిపించదు.