పెద్ద మ్యాచ్‌లు గచ్చిబౌలికి వచ్చాయి, పిల్లల లీగ్ ఏది?

2025 సెప్టెంబర్ 27న కొలంబోలో దక్షిణాసియా దేశాల ఫుట్‌బాల్ టోర్నీ శాఫ్ అండర్-17 ఫైనల్. ఆడుతున్నది భారత్, బంగ్లాదేశ్. మనవాళ్లు 2-1తో ముందున్నారు. ఆట చివర్లో కలిపే ఇంజురీ టైమ్ కూడా అయిపోవస్తుండగా బంగ్లాదేశ్ గోల్ కొట్టి 2-2 చేసింది. చేతికందిన కప్పు అలా జారిపోతే పెద్ద ఆటగాళ్లకే కాళ్లాడవు. వీళ్లు పదహారేళ్ల పిల్లలు. అయినా గోల్‌కీపర్ ఎదుట ఒక్కొక్కరుగా తన్నే పెనాల్టీల్లో నిలబడి 4-1తో గెలిచారు. అదే ఏడాది మేలో అరుణాచల్‌లోని యూపియాలో జరిగిన అండర్-19 ఫైనల్ కూడా ఇదే బంగ్లాదేశ్‌తో పెనాల్టీల దాకా వెళ్లింది. అక్కడా గెలుపు మనదే.

శాఫ్‌లో ఉన్నవి ఏడు దేశాలే కాబట్టి ఇదేం పెద్ద టోర్నీ అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. పెనాల్టీ స్పాట్ దగ్గర బంతి పెట్టి, వెనక తన దేశం చూస్తోందని తెలిసీ తన్నడం ఏ ప్రాక్టీసులోనూ నేర్పలేరు. కొలంబో ఫైనల్లో గోల్ కొట్టిన డల్లాల్‌మువాన్ గాంగ్టే రెండు నెలల తర్వాత అహ్మదాబాద్‌లో ఇరాన్ మీద పెనాల్టీ తన్ని స్కోరు సమం చేశాడు. ఒక గోల్ వెనకబడి ఉన్న జట్టు అక్కణ్ణుంచి 2-1తో గెలిచి అండర్-17 ఆసియా కప్‌కి వెళ్లింది. ఎదురుగా ఉన్నది ఇరాన్ అయినా తడబడకపోవడం వెనక కొలంబో లాంటి రాత్రుల అనుభవం ఉందని నా నమ్మకం.

ఇరాన్ అనగానే పాతతరం హైదరాబాదీలకు 1974 గుర్తొస్తుంది. ఆ ఏడాది బ్యాంకాక్‌లో ఆసియా యూత్ ఫైనల్ ఇరాన్‌తో 2-2గా ముగిసి, రెండు జట్లూ ట్రోఫీని పంచుకున్నాయి. యూత్ విభాగంలో ఆసియా స్థాయిలో మనకు దక్కిన టైటిల్ ఇప్పటికీ అదొక్కటే. ఆ జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ మన హైదరాబాద్ వాడు.

అది గాలివాటున వచ్చింది కాదు. అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా ఈ నగరంలో కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వేసిన దారి ఉంది. ఆయన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో దేశం 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చుకుంది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇవి అందరూ చెప్పుకునేవే. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వేరే. వృత్తిరీత్యా టీచర్ అయిన రహీం సాబ్ డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్లతో నడుపుకుంటూ పోవడం, చేయకూడదనే షరతుతో పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చేయాలి. వాటం లేని కాలితోనే ఆడాలని మరో పోటీ. వీటికి పెద్ద స్టేడియం అక్కర్లేదు. ఒక మైదానం, ఒక విజిల్, ఏం నేర్పాలో తెలిసిన మనిషి చాలు.

ఇప్పుడు మన దగ్గర స్టేడియం ఉంది. గచ్చిబౌలిలో 2024 సెప్టెంబర్‌లో దేశాల మధ్య ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది, నవంబర్‌లో మలేసియా వచ్చి ఆడింది, డిసెంబర్ 31న రాష్ట్ర జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ చూశాం. మరుసటి డిసెంబర్‌లో మెస్సీ వస్తే ఉప్పల్ స్టేడియం హోరెత్తింది. అదే 2025లో, దేశంలోని పెద్ద క్లబ్ లీగ్ ఐఎస్ఎల్‌ను 2021-22లో గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మాత్రం ఢిల్లీకి తరలిపోయింది. ఆట చూపించడం మనకు బాగానే వచ్చు. ఆడించడం దగ్గరే వెనకబడ్డాం.

మొన్న ఒక ఆదివారం పొద్దున సికింద్రాబాద్‌లో ఓ గ్రౌండ్‌కి వెళ్లాను. మూడొంతులు క్రికెట్ నెట్‌లే. మిగిలిన మూలలో స్కూల్ బ్యాగులు రెండు గోల్‌పోస్టులుగా పెట్టుకుని పది పన్నెండు మంది ఆడుతున్నారు. సగం మందికి బూట్లు లేవు. సన్నగా ఉన్న ఒకడు మాత్రం ఎడమకాలితోనే తన్నుతున్నాడు. బంతి పక్కకి పోతోంది, పరిగెత్తి తెచ్చుకుంటున్నాడు, మళ్లీ ఎడమకాలే. కుడికాలితో బాగా కొడతావు కదా అంటే, "ఇది కూడా రావాలె కదా అన్నా" అన్నాడు. రహీం సాబ్ పేరు వాడు వినలేదు.

వయసు టోర్నీల్లో కనికరం లేని నియమం ఒకటుంది. కొలంబోలో ఆడాలంటే 2009 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. ఆ గీతకు ఒక్క రోజు ముందు పుట్టినా అంతే. సీనియర్ ఆటగాడికి ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది ఉంటుంది, పదహారేళ్లవాడికి అది లేదు. అండర్-13, అండర్-15 అంటూ వరసగా మ్యాచ్‌లు పడితేనే వాణ్ని ఎవరైనా గమనించేది. ఇక్కడ ఫీజు కట్టగలిగితే మంచి అకాడమీలే ఉన్నాయి. పాతబస్తీ వైపు బార్కస్ లాంటి చోట ఆట ఇంకా ఇళ్లలోనే ఉంది, తండ్రి ఆడాడు కాబట్టి కొడుకు ఆడతాడు. ఈ రెండు రకాల పిల్లలూ వారం వారం ఎదురుపడే లీగ్ కావాలి. సెలవుల్లో నాలుగు రోజులు నడిచి ముగిసే నాకౌట్ పోటీ సరిపోదు, మొదటి మ్యాచ్ ఓడినవాడు ఆ పూటే ఇంటికెళ్లిపోతాడు.

శాఫ్ యూత్ టోర్నీ ఒకటి హైదరాబాద్‌లో జరగాలని నాకూ ఉంది. యూపియా చేయగలిగింది గచ్చిబౌలి చేయలేదా? కానీ గ్యాలరీల్లో కేకలు వేయడానికి స్కూల్ బస్సుల్లో పిల్లల్ని తీసుకొచ్చే ముందు, రెండేళ్లు వాళ్లకే లీగ్ నడపాలి. గ్రౌండ్ బుకింగ్, రిఫరీల భత్యం, బస్ చార్జీలు, ఒక్క పెద్ద మ్యాచ్ ఏర్పాట్ల ముందు ఇదేం భరించలేని ఖర్చు కాదు.

వెళ్లేటప్పుడు ఎడమకాలి కుర్రాడు వెనకే వచ్చాడు. కొలంబో పెనాల్టీలు ఫోన్లో చూశాడట. "ఆ టీమ్‌ల ఆడాలంటే ఫస్ట్ ఏడికి పోవాలె అన్నా?" అని అడిగాడు. రెండు క్లబ్‌ల పేర్లు చెప్పాను. ఫీజు ఎంతని అడిగాడు. చెప్పాను. తలూపి, బ్యాగుల మధ్యకి తిరిగి వెళ్లిపోయాడు.